వోటు ఒకనాటిది, పొరుగు నిత్యము

మన సంఘ సభ్యులలో చేతి ఫోను లేని కుటుంబము నేడు అరుదు. ఎఱువుల లారీ వచ్చినదనియు, ధాన్యము కొనుగోలు మొదలైనదనియు, వాయుగుండము పట్టినదనియు మనకు మొదట తెలియునది ఆ ఫోనులోని వాట్సాపు గ్రూపు వలననే. పూర్వము దండోరా వేయువాడు వీధివీధి తిరిగి చెప్పిన వార్త నేడొక నిమిషములో ఊరంతయు ముట్టుచున్నది. ఇది మేలే. అయితే ఎన్నికలు వచ్చినపుడు ఆ తప్పెట ఎవరి చేతికి దొరికిన వారు కొట్టుటయు, కొట్టినవాని పేరు తెలియకపోవుటయు, తుదకు సభ్యులు ఒకరినొకరు దూషించుకొనుటయు సంభవించుచున్నది. ఏదో యొక రాజకీయ పక్షము నభిమానించువారు ఈ సామాజిక మాధ్యమములలో ఎట్లు మెలగవలయునో మనలో మనము మాటలాడుకొనుట అవసరమని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇందు ఏ పక్షమునకును వత్తాసు లేదు. ఏ పక్షముపైనను ద్వేషము లేదు.

మొదట మన సంఘములో జరిగిన సంగతియే చెప్పెదను. 2024 మే 13వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకును లోకసభకును ఒకే దినమున పోలింగు జరిగెను. ఫలితములు జూను 4వ తేదీన గాని వెలువడలేదు. నడుమ నున్న 22 దినములును పచ్చిరొట్ట విత్తనములు సమకూర్చుకొనుటకు అదను. తొలకరికి జీలుగ చల్లి, సుమారు 45 దినములకు పూతదశలో కలియదున్నినగదా వరిమడికి బలము! ఆ దినములలో ఒకనాటి యుదయమున మన కార్యదర్శిగారు, జీలుగ బస్తాలు గోదామునకు చేరినవనియు, రెండు దినములలో తీసికొనవలయుననియు సంఘపు గ్రూపులో వ్రాసిరి. సాయంకాలము లోపల ఆ వ్రాతపై 180కి మించిన సందేశములు వచ్చిపడెను. ఎవరికెన్ని స్థానములు వచ్చునను పందెములు, నాయకుల ముఖములకు జంతువుల ముఖములు తగిలించిన బొమ్మలు, వానికి బదులుగా తిట్లు, తిట్లకు బదులుగా మఱిన్ని తిట్లు. జీలుగ మాట అడుగున మునిగిపోయెను. కొద్దిపాటి చదువు గల వృద్ధ సభ్యులొకరు వ్రేలితో జరిపి జరిపి, విసిగి ఫోను ప్రక్కన పెట్టిరట. మూడవనాడు గోదామునకు వచ్చునప్పటికి బస్తాలు లేవు. ఆయన బజారులో హెచ్చు ధరకు కొనిరి. మఱి యిద్దరు ఆ యేడు పచ్చిరొట్టయే వేయలేదు. ఆ 180 సందేశముల వలన ఒక్క వోటైనను మారెనా? వోట్లన్నియు అప్పటికే యంత్రములలో భద్రముగా నున్నవి!

ఇతరుల తప్పు చెప్పినవాడను నా తప్పును దాచుట న్యాయము కాదు. ఆ పోలింగునకు వారము ముందు నాకొక బొమ్మ వచ్చెను. ఒక అభ్యర్థి చేయి యెత్తి ముసలి రైతు నొకనిని గద్దించుచున్నట్లు అందు కనబడెను. నాకు కోపము వచ్చినది. ఆ కోపములో నిమిషమైనను ఆలోచింపక దానిని మా బంధువుల గ్రూపునకు పంపితిని. నా యుద్యోగమునకు అది తగని పని యని యెఱిగియు చేసితిని. అందున్నది పదునొకండుగురమే గదా యనుకొంటిని. పెదవి దాటిన మాట పృథివి దాటునన్నట్లు మఱునాటికి ఆ బొమ్మ, “మన వ్యవసాయపు అయ్యగారు పంపినది” అను మాటను తోడు చేసికొని ఊరూర తిరిగెను. నా మాటయందు రైతులకు గల నమ్మకమే ఆ యబద్ధమునకు ఎఱువయ్యెను.

రెండు దినములు గడచిన పిమ్మట, నా ప్రదర్శనములకై నాలుగేండ్లుగా తమ మడి నిచ్చుచున్న రైతొకరు నా కడకు వచ్చిరి. ఆయన ఆ యభ్యర్థి పక్షమువారు. అయినను కేకలు వేయలేదు. “అయ్యా, విత్తనము చల్లకముందు నూఱు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మొలక కట్టి చూడుడని మీరే గదా మాకు నేర్పినారు. ఈ బొమ్మకు మొలక చూచినారా?” అని మాత్ర మడిగిరి. నాకు నోట మాట రాలేదు. పిమ్మట వెదకి చూడగా అది కొన్నియేండ్ల క్రిందట వేఱొక రాష్ట్రములో తీసిన బొమ్మ యని తేలెను. అందున్నవాడు ఆ యభ్యర్థియే కాడు. నేను దానిని తొలగించి, పంపిన చోటనే “ఇది అబద్ధము, విచారింపక పంపితిని, క్షమింపుడు” అని వ్రాసి, ఆ రైతు ఇంటికి పోయి చెప్పుకొంటిని. ఆయన మజ్జిగ యిచ్చి పంపిరి. కాని అబద్ధము పోయిన ఊళ్ళన్నింటికిని నా క్షమాపణము పోలేదు. ఇక నేను చెప్పబోవు దానిలో ముఖ్యమైన భాగమంతయు ఆ రైతు అడిగిన ఒక్క ప్రశ్నకు వ్యాఖ్యానమే.

గింజకు మొలక చూచుటకు ఒక తడిగుడ్డయు, కొన్ని దినముల ఓపికయు కావలెను. వార్తకు అంతకాలము కూడ పట్టదు. దీనిని మొదట చెప్పినవారెవరు? ఇది ఎప్పటిది, ఎక్కడిది? ఇదే మాట పేరుగల పత్రికలలో గాని, ఆ పక్షమువారు గాని ప్రభుత్వమువారు గాని స్వయముగా చేసిన ప్రకటనలో గాని కలదా? ఈ మూడింటికి సమాధానము దొరకనిచో ఆ గింజ తాలు, దానిని చల్లరాదు. పలుమాఱులు చేతులు మారి వచ్చిన సందేశమునకు వాట్సాపువారు రెండు బాణముల గుర్తు పెట్టుదురు. అది నిజమనుటకు గుర్తు కాదు. అది మనకు పంపినవారి సొంత మాట కాదనుటకు గుర్తు. ఆ కంపెనీవారే 2018లో మన దేశమునందు ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపుటకు వీలు లేకుండ చేసిరి. 2020లో ఆ రెండు బాణముల సందేశమును ఒకసారికి ఒక్క చోటికే పంపునట్లు మఱింత బిగించిరి. సరకు తయారుచేసినవారే దానికి గట్టు వేసికొనగా, మనము గట్టు తెంచి పాఱించుట తగునా?

ఇప్పుడు కృత్రిమ మేధ యను సాధనముచేత మనిషి ముఖమునే గాక గొంతును కూడ కల్పించుచున్నారు. అనని మాటను అన్నట్లు చూపుట సులభమైనది. 2024 మే 6వ తేదీన ఎన్నికల కమీషనువారు, ఇట్టి కల్పిత దృశ్యములు తమ దృష్టికి వచ్చిన 3 గంటలలోపల తొలగింపవలయునని రాజకీయ పక్షములను ఆదేశించిరి. కన్నులార చూచితిమి, చెవులార వింటిమి అనుట యిక చాలదు.

“ఒక బొమ్మయే గదా, ఇంత రాద్ధాంతమేల?” అని కొందఱనవచ్చును. రాజకీయముతో సంబంధము లేని యొక యుదాహరణము చెప్పెదను. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు ఫోనుల ద్వారా దేశమెల్ల వ్యాపించెను. ఆ యేడు జూలై 1వ తేదీన మహారాష్ట్రమందలి ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామములో, భిక్షాటనకు వచ్చిన సంచారజాతివారు ఐదుగురిని ఆ యనుమానముతో జనులు కొట్టి చంపిరి. కొట్టినవారు పుట్టుకతో క్రూరులు కారు. తమ బిడ్డలకై భయపడిన గ్రామస్థులే. ఆ పుకారు తెలుగునాటను తిరుగకపోలేదు. జోగులాంబ గద్వాల జిల్లాలో నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు గ్రామగ్రామమునకు పోలీసులను పంపి, డప్పుతోను పాటలతోను ఆ వార్త లబద్ధములని ప్రజలకు బోధింపజేసిరి. ఫోనులో వచ్చిన చీకటిని దింపుటకు మరల డప్పే కావలసివచ్చెను. నిజము నిలకడమీద తెలియునందురు. ఆ నిలకడ లోపల జరిగిన నష్టమును మాత్రము నిజము తిరిగి తేలేదు.

వార్త నిజమైన యెడల ఎట్లయినను వ్రాయవచ్చునా? వ్రాయరాదు. మా చిన్ననాట ఎవరిపైనైన చాడీ వ్రాయదలచినవాడు పేరు దాచి ఆకాశరామన్న ఉత్తరము వ్రాసెడివాడు. దానిని చదివిన వారందఱును వ్రాసినవానిని పిరికివాడనుకొనిరి. నేను చదివిన మిషను పాఠశాలలో ఉపాధ్యాయులొకరు, “క్రింద సంతకము చేయలేని ఉత్తరమును వ్రాయకుము” అని చెప్పెడివారు. నేడు మాఱుపేరుతో, సినిమా నటుని బొమ్మ తగిలించుకొని, పొరుగువానిని దూషించు యువకుడు ఆకాశరామన్నకు మనుమడే. సంఘము అరుగు మీద పదిమంది యెదుట, ఆ మనిషి ముఖము చూచి చెప్పగలిగిన మాటనే ఫోనులో వ్రాయవలయును. చెప్పలేని మాటను వ్రాయరాదు. దీనికి మించిన నియమము నాకు తెలియదు.

స్త్రీల మాట వేఱుగా చెప్పవలసియున్నది. నాయకుని విధానము నచ్చనిచో విధానమును ఖండింపవచ్చును. అతని భార్యను, తల్లిని, కుమార్తెను వీధికీడ్చుటకు ఎవ్వరికిని హక్కు లేదు. అట్టి వ్రాతలను మన యిండ్ల ఆడువారును, బడికి పోవు బిడ్డలును అదే ఫోనులో చదువుచున్నారని మఱవరాదు. కులము పేరెత్తి వ్రాయుటయు ఇట్టిదే. నాట్ల నాడు ఏ కులమువారి చేయి పట్టిన నారు ఏ మడిలో పడినదో వరికి తెలియదు. ఎన్నికల నాడు మనము తెలిసికొనబోవుట అవివేకము.

అట్లయిన రైతులు రాజకీయములే మాటలాడరాదా యన్నచో, తప్పక మాటలాడవలయును. ఎవరు మాటలాడకున్నను రైతు మాటలాడవలయును. కాని రైతుకు పనికివచ్చు మాటలు మాటలాడవలయును. ఒక యుదాహరణము: సాధారణ రకము వరికి 2023–24లో క్వింటాలునకు 2183 రూపాయలుగా నుండిన కనీస మద్దతు ధర 2024–25లో 2300 రూపాయలయ్యెను. 117 రూపాయలు పెరిగెనని ఒకరు మెచ్చుకొనవచ్చును. దుక్కి, నాట్లు, కోత, ఎఱువులు వీని ఖర్చు అంతకు మించి పెరిగెనని మఱొకరు తమ లెక్కపుస్తకము తెచ్చి చూపవచ్చును. మద్దతు ధర యుండియు కళ్ళమున ఆ ధర దక్కినదా యని మూడవవారు అడుగవచ్చును. ఈ మువ్వురును మూడు పక్షములవారైనను, ఆ వాదము విన్న నాలుగవ రైతునకు జ్ఞానము కలుగును. కాలువ చివరి భూములకు నీరు, పంట బీమా సొమ్ము, కౌలుదారునకు ఋణము, ఇవన్నియు ఇట్లే వాదింపదగినవి. నాయకుని ముఖమునకు గాడిద ముఖము తగిలించుటవలన వీనిలో ఒక్కటియు తేలదు.

ఇక చట్టపు మాట. ఒక అభ్యర్థి వ్యక్తిగత శీలమును గుఱించి అబద్ధమని యెఱిగియు ప్రచురించుట, అది ఎదుటి అభ్యర్థి సమ్మతితో జరిగినచో, 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను క్రింద అక్రమాచరణము. దానివలన గెలిచిన యెన్నికయే రద్దు కావచ్చును. అనగా అత్యుత్సాహియగు అనుచరుడు తన నాయకునికే గొయ్యి త్రవ్వుచున్నాడు. అదే చట్టము 126వ సెక్షనును బట్టి పోలింగు ముగియు గడియకు ముందు 48 గంటలు ప్రచారము మౌనము వహింపవలయును. 2019లో సామాజిక మాధ్యమముల కంపెనీలు తమంత తామొక నియమావళి చేసికొని, ఈ మౌనకాలమును భంగపఱచు వ్రాతలపై కమీషను ఫిర్యాదు చేసినచో 3 గంటలలో చర్య తీసికొందుమని ఒప్పుకొనెను.

అయితే చట్టము పేరిట నోళ్ళు మూయించుటయు తప్పే. ఇతరులకు చికాకు కలిగించెనను మాత్రమున మనిషిని చెఱపెట్టుటకు వీలిచ్చిన సమాచార సాంకేతిక చట్టము 66ఏ సెక్షనును సుప్రీము కోర్టువారు 2015 మార్చి 24వ తేదీన కొట్టివేసిరి. విమర్శ పౌరుని హక్కు. దూషణము హక్కు కాదు. ఈ రెండింటి నడుమ గట్టు ఎక్కడనున్నదో కోర్టులు తేల్చులోపల తిరుగవలసినవాడు మాత్రము వ్రాసిన యువకుడే. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఇట్టి వ్రాతలపై అనేకములగు కేసులు నమోదై, అరెస్టులు జరిగి, ఆ వ్యవహారములు హైకోర్టు వఱకును పోయినవి. ఆ కేసులలోని న్యాయాన్యాయములను నేను నిర్ణయింపజాలను. కాని కొడుకును విడిపించుకొనుటకు ప్లీడరు గుమాస్తా యెదుట చేతులు కట్టుకొని నిలుచువాడు రైతే యని మాత్రము చెప్పగలను.

“ఎదుటివారు తిట్టుచుండగా మేమూరకుండినచో ఓడినట్లు కాదా?” అని యువకులు నన్నడిగిరి. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అబద్ధమునకు బదులు చెప్పవలసినదే. కాని పొలములో వయ్యారిభామ మొలచినపుడు మనమేమి చేయుదుము? పూత రాకముందే వేళ్ళతో పెరికి గట్టున పడవేయుదుము. పూచి కాచినదానిని పట్టుకొని ఊపినచో దాని విత్తులు వేలకొలది మనచేతనే మన పొలములో రాలును. ఫేస్‌బుక్కు, యూట్యూబు మొదలైనవి, ఎక్కువమంది స్పందించిన దానిని ఎక్కువమందికి చూపు స్వభావము గలవి. మెచ్చి వ్రాసినను తిట్టి వ్రాసినను వానికి చాలవఱకు లెక్క యొక్కటే. కావున దూషణమునకు దూషణము బదులు వ్రాసినవాడు దానిని అణచుట లేదు, ఊపుచున్నాడు. నిజమేమో ఒక్కసారి ఆధారముతో వ్రాయుడు. పంపినవానితో వేఱుగా మాటలాడుడు. అప్పటికిని మానకున్న వానిని వదలివేయుడు. తిట్టినవానికి తీరిక యున్నది, మీకు పొలమున్నది.

ఇక మన సంఘపు గ్రూపు సంగతి. అది ఏ పక్షపు ఆస్తియు కాదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున కొందఱు కార్మికులు పెట్టిన అంగడినుండి సహకార పద్ధతి లోకమునకు వ్యాపించినది. ఒక సభ్యునకు ఒక్కటే వోటు, వాటాలెన్ని యున్నను, అనునది నాటినుండియు మనకు మూలసూత్రము. 1937లో అంతర్జాతీయ సహకార సమాఖ్యవారు పారిసు మహాసభలో ఆమోదించిన ఏడు సూత్రములలో రాజకీయ మత తాటస్థ్య మొకటి. 1995లో సవరించిన సూత్రములలోను, రాజకీయాభిప్రాయమును బట్టి ఎవరికిని సభ్యత్వమున భేదము చూపరాదని యున్నది. సంఘములో ఎఱువు తూచునపుడు నీ వోటెవరికని అడుగము. సంఘపు గ్రూపులో మాత్రము అడుగనేల?

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయములను తీర్మానింపవలయునని నా సూచన. సంఘపు గ్రూపులో పంట, పరపతి, సరఫరా, వాతావరణము, సంఘ వ్యవహారము దప్ప మఱేమియు ఉండరాదు. ప్రచారము చేయదలచినవారు తమ పక్షమునకు వేఱు గ్రూపు పెట్టుకొని, ఇష్టపడినవారినే అడిగి చేర్చుకొనవలయును. ఎన్నికల ప్రకటన వెలువడిన నాటినుండి ఫలితములు వచ్చిన వారము వఱకు, నిర్వాహకులు మాత్రమే వ్రాయునట్లు సంఘపు గ్రూపును బిగింపవలయును. ఆ వీలు వాట్సాపులోనే కలదు. నియమము తప్పినవారిని తక్షణమే వెలివేయక, ఒకసారి ఇంటికి పోయి చెప్పవలయును. ఈ నియమము పాలకవర్గమువారికిని వర్తింపవలయును. వారికి మొదట వర్తింపవలయును.

తుదిమాట ఫలితముల దినమును గుఱించి. గెలిచినవారు టపాకాయలు కాల్చుకొనవచ్చును. ఓడినవాని వాకిట కాల్చరాదు. అట్లే వాని ఫోనులోను కాల్చరాదు. 2024 మే 13వ తేదీ పోలింగు సందర్భమునను, తరువాతి దినములలోను పల్నాడు, తాడిపత్రి, తిరుపతి ప్రాంతములలో చెలరేగిన దౌర్జన్యముల మూలమున పోలీసు అధికారులపై చర్యలు తీసికొనుటయు, ప్రత్యేక పరిశోధక బృందమును నియమించుటయు జరిగెను. అదంతయు ఫోనుల వలననే జరిగెనని నేననను. పాత కక్షలు, అధికార దాహము, కులద్వేషము అందున్నవి. కాని రగులుచున్న కొట్టమునకు గడ్డిపరక నందించినవాడును నిర్దోషి కాడు.

గెలిచిన అభ్యర్థి రాజధానికి పోవును. ఓడిన అభ్యర్థియు పట్టణమునకు పోవును. వారిరువురును పెండ్లిండ్లలో కలిసికొని నవ్వుకొందురు. ఇక్కడ మిగులువారము మనము. అర్ధరాత్రి మన మడికి నీరు మళ్ళించి లేపువాడు, ఎడ్లు జబ్బుపడిన నాడు తన ట్రాక్టరు పంపువాడు, ఋణపత్రముపై జామీనుగా సంతకము చేయువాడు, తుదకు మన పాడె మోయువాడు ఆ పొరుగు రైతే. ఆయన వోటు ఏ గుర్తునకు పడినదో మనకు తెలియదు, తెలియనక్కఱలేదు. ఈసారి ఒక సందేశమును పంపుటకు వ్రేలు చాచినపుడు, ఆ పొరుగువారు ప్రక్కన కూర్చుండి చూచుచున్నట్లు భావించి, “దీనికి మొలక చూచినారా?” యని మిమ్ము మీరే అడిగికొనుడు. నేనా ప్రశ్నను ఆలస్యముగా నేర్చికొంటిని. మీరు ముందుగా నేర్చికొందురుగాక యని నా మనవి.